ఆమ్లం పోసి క్షారం చేశాను: కెమిస్ట్రీ లెక్కలతో నా అనుభవం

మొదటి పరీక్షలో అన్నిటికంటే తేలిగ్గా తోచిన లెక్కకే నాకు సున్నా వచ్చింది. ప్రశ్న ఒక్క వాక్యం: హైడ్రోక్లోరిక్ ఆమ్ల ద్రావణం గాఢత 1.0 × 10⁻⁸ మోలార్ (అంటే లీటరుకు అన్ని మోల్స్) అయితే దాని పీహెచ్ ఎంత? పీహెచ్ అంటే ద్రావణం ఎంత ఆమ్లమో చెప్పే అంకె, ఏడు కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. బలమైన ఆమ్లం, నీటిలో పూర్తిగా అయనీకరణం చెందుతుంది, కాబట్టి హైడ్రోజన్ అయాన్ల గాఢత కూడా 10⁻⁸, ఘాతం గుర్తు మారిస్తే 8. అర నిమిషం కూడా పట్టలేదు. జవాబు కింద రెండు గీతలు గీసి, దర్జాగా తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయాను.

పేపర్లు తిరిగి ఇచ్చిన రోజు ఆ రెండు గీతల పక్కన ఎర్ర సిరాతో ఒకే ఒక్క మాట ఉంది: “ఆమ్లమేనా?”

మొత్తం 100కు 38 మార్కులు. మిగిలిన 62 ఎటు పోయాయో నాకు అంతుపట్టలేదు. పరీక్షకు ముందు పుస్తకంలో సాధించి చూపిన ఉదాహరణలన్నీ చదివాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రతిదీ అర్థమైంది కూడా. ఆ పేపరు పట్టుకుని మేడమ్ గదికి వెళ్లాను.

“ఫార్ములా సరిగ్గానే వేశాను కదా మేడమ్?”

“వేశావు. స్వచ్ఛమైన నీటి పీహెచ్ ఎంత?”

“ఏడు.”

“ఆ నీటిలో రవ్వంత ఆమ్లం కలిపితే ఎనిమిది అవుతుందా? ఆమ్లం పోసి క్షారం తయారు చేశావన్నమాట.”

నేను నీళ్లు నమిలాను. లెక్కలో నేను మరిచిపోయింది కూడా సరిగ్గా ఆ నీళ్లనే.

“అంకెలు కనబడగానే ఫార్ములా కోసం వెతుక్కుంటున్నావు. ముందు బీకరులో ఏముందో చూడు,” అని పేపరు వెనక్కి ఇచ్చేశారు. ఇంకేమీ చెప్పలేదు. అప్పుడు కొంచెం కోపం వచ్చిన మాట నిజం.

గదికి వచ్చాక కూర్చుని చూశాను. నీరు తనంతట తానే కొద్దిగా విడిపోతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద దానిలో హైడ్రోజన్ అయాన్ల గాఢత 10⁻⁷ మోలార్. నేను పోసిన ఆమ్లం ఇచ్చేది అందులో పదో వంతు. అంటే ఈ బీకరులో పెద్దమనిషి నీరే, ఆమ్లం చుట్టపుచూపుగా వచ్చింది. రెండింటినీ లెక్కలోకి తీసుకుని వర్గ సమీకరణం సాధిస్తే హైడ్రోజన్ అయాన్ల గాఢత 1.05 × 10⁻⁷ వస్తుంది, పీహెచ్ 6.98. ఏడుకు ఒక వెంట్రుకవాసి కింద. చూస్తే ఎంత సబబుగా ఉంది! ఆమ్లం చాలా పలచనైతే ద్రావణం నీటిలా ఉండాలి, అంతే కదా.

ఆ రాత్రి నాకు తెలిసింది ఈ ఒక్క లెక్క సంగతే కాదు. నేను ఇన్నాళ్లూ లెక్కలు చేయలేదు, చదివాను. ఇంకొకరు సాధించిన లెక్కను చదువుతున్నప్పుడు ప్రతి మెట్టూ సహజంగానే కనిపిస్తుంది, ఎందుకంటే తరువాతి మెట్టు ఏదో ఎంచుకునే పని మనకు లేదు. పరీక్షలో ఉండేది ఆ ఎంచుకునే పని ఒక్కటే.

కాబట్టి పద్ధతి మార్చాను. రోజుకు ఆరు లెక్కలు. ప్రశ్నను తెల్లకాగితం మీద నా చేత్తో రాసుకోవడం, పుస్తకం మూసేయడం, కనీసం పావుగంట కుస్తీ పట్టడం, ఆ తరువాతే జవాబు చూడడం. జవాబు చూసి చేసిన లెక్కను మర్నాడు మళ్లీ తెల్లకాగితం మీద మొదటి నుంచి చేయడం. ఈ చివరి నియమమే నన్ను ఎక్కువ ఏడిపించింది. రాత్రి “ఓహో, ఇంతేనా” అనుకున్న లెక్క పొద్దున్నే మొండికేసేది. దీనికి తోడు ఒక నోటుపుస్తకం కొన్నాను. దాని మీద ‘తప్పులు’ అని రాశాను. ప్రతి పేజీలో మూడు గళ్లు: నేను రాసిన జవాబు, సరైన జవాబు, కాలు ఎక్కడ జారింది.

మొదటి పేజీ మొదటి తప్పు మోలు లెక్క. డజను లాగే మోల్ కూడా ఒక లెక్కింపు కొలత, కాకపోతే అణువులు, పరమాణువుల లాంటి కణాలకు. 10 గ్రాముల హైడ్రోజన్, 64 గ్రాముల ఆక్సిజన్ కలిసి మండితే ఎంత నీరు వస్తుంది? నేను హైడ్రోజన్‌ను 2తో భాగించి 5 మోల్స్ అన్నాను, బాగుంది. ఆక్సిజన్‌ను 16తో భాగించి 4 మోల్స్ అన్నాను. సమీకరణం ప్రకారం రెండు మోల్స్ హైడ్రోజన్‌కు ఒక మోల్ ఆక్సిజన్ చాలు కాబట్టి ముందుగా అయిపోయేది హైడ్రోజన్ అని తేల్చి, 5 మోల్స్ నీరు, అంటే 90 గ్రాములు అని రాశాను. పరిమిత కారకాన్ని కూడా పట్టుకున్నానని లోలోపల మురిసిపోయాను. జవాబుల పేజీలో 72 అని ఉంది. అచ్చుతప్పు అనుకున్నాను! పది నిమిషాల పాటు నిజంగానే అలా అనుకున్నాను. అప్పుడు మేడమ్ మాట గుర్తొచ్చి, బీకరు కాకపోయినా ఆ పాత్రలో ఏముందో చూశాను. లోపల పెట్టింది 10, 64, మొత్తం 74 గ్రాములు. బయటికి తీసింది 90. ఆ అదనపు 16 గ్రాములు ఏ ఆకాశం నుంచి ఊడిపడ్డాయి? అంతవరకూ నావి కాకిలెక్కలని నాకు తోచనే లేదు.

ఆక్సిజన్ వాయువులో అణువుకు రెండు పరమాణువులు. భాగించాల్సింది 32తో. అప్పుడు ఆక్సిజన్ 2 మోల్స్, దానికి కావలసిన హైడ్రోజన్ 4 మోల్స్, వచ్చే నీరు 4 మోల్స్ అంటే 72 గ్రాములు, మిగిలిపోయే హైడ్రోజన్ 1 మోల్ అంటే 2 గ్రాములు. 72, 2 కలిపితే 74. ఇంకో విశేషం, ముందుగా అయిపోయింది బరువులో ఎక్కువగా ఉన్న ఆక్సిజనే. బరువు చూసి ఎవరు ముందు అయిపోతారో చెప్పకూడదని ఆ లెక్కతోనే ఒంటబట్టింది.

నా తప్పుకు పెద్ద వంశమే ఉందని తరువాత తెలిసింది. డాల్టన్ కూడా నీరంటే ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిసినదే అనుకున్నాడు. మూలక వాయువుల అణువుల్లో ఒకటి కంటే ఎక్కువ పరమాణువులు ఉండవచ్చని అవగాడ్రో 1811లోనే చెప్పినా దాదాపు యాభై ఏళ్లు ఎక్కువమంది పట్టించుకోలేదు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహ్‌లో జరిగిన రసాయన శాస్త్రవేత్తల సమావేశంలో ఇటలీకి చెందిన కనిజారో ఆ వాదాన్ని మళ్లీ ముందుకు తెచ్చిన తరువాతే పరమాణు భారాల గొడవ సర్దుకోవడం మొదలైంది. అన్నట్టు, తన పేరుతో ఉన్న ఆ మహా సంఖ్యను, అంటే ఒక మోల్‌లో ఉండే కణాల సంఖ్యను, అవగాడ్రో ఎన్నడూ లెక్కించలేదు. ఆ పేరు పెట్టింది 1909లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్ పెరిన్. 2019 మే 20 నుంచి మోల్ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు అని నిర్వచనమే అయిపోయింది. అంతకుముందు 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటాయో అన్ని అనేవారు. శాస్త్రజ్ఞులకే యాభై ఏళ్లు పడితే నాకు రెండు వారాలు పట్టడం పెద్ద నేరం కాదని సర్దిచెప్పుకున్నాను.

వాయువుల అధ్యాయంలో పడిన మొదటి దెబ్బ అందరూ తినేదే. పీడనం మారకుండా 2.00 లీటర్ల వాయువును 25 డిగ్రీల సెల్సియస్ నుంచి 50కి వేడి చేస్తే ఘనపరిమాణం ఎంత? ఉష్ణోగ్రత రెట్టింపు, ఘనపరిమాణం రెట్టింపు, 4.00 లీటర్లు. కెల్విన్‌లోకి మారిస్తే అది 298 నుంచి 323కు పెరగడమే, జవాబు 2.17 లీటర్లు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. కాకపోతే ఇదే తప్పు నా పుస్తకంలో నాలుగుసార్లు ఉంది.

అసలు విసుగు తెప్పించింది ఇంకొకటి. ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనాల వద్ద 11.2 లీటర్ల వాయువు ఎన్ని మోల్స్? 22.4తో భాగించి 0.500 అన్నాను. ఒక పుస్తకం జవాబు అదే. ఇంకో పుస్తకంలో ఇలాంటి లెక్కకే 0.493 అని ఉంది. ఒక సాయంత్రమంతా నా భాగహారాన్ని నేనే అనుమానించుకున్నాను. తప్పు నాది కాదు, పుస్తకాలదీ కాదు. 1982లో అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య ప్రామాణిక పీడనాన్ని 1 అట్మాస్ఫియర్ నుంచి 1 బార్‌కు మార్చింది. బార్ కొద్దిగా తక్కువ పీడనం, అందుకే మోలార్ ఘనపరిమాణం 22.4 లీటర్ల బదులు 22.7 అవుతుంది. చాలా పుస్తకాలు ఇప్పటికీ పాత సంఖ్యనే వాడుతున్నాయి. అప్పటి నుంచి ఏ పుస్తకం పట్టుకున్నా ముందుగా అది ఏ పీడనాన్ని ప్రామాణికమంటోందో చూసుకుంటున్నాను. ఇలాంటివి తరగతిలో ఒక్క మాటగా చెబితే ఎంతమంది సాయంత్రాలు మిగులుతాయో!

శాతాల నుంచి ఫార్ములా కనుక్కునే లెక్కల్లో నా జబ్బు వేరు. అంకెలు చక్కగా కనబడాలన్న ఆశ. ఒక ఐరన్ ఆక్సైడ్‌లో ఇనుము 72.4 శాతం, ఆక్సిజన్ 27.6 శాతం. పరమాణు భారాలతో భాగిస్తే 1.296, 1.725. చిన్నదానితో పెద్దదాన్ని భాగిస్తే 1.33. దాన్ని 1 అని సవరించేసి, ఒక ఇనుము, ఒక ఆక్సిజన్ అని రాసేశాను. ఆ 0.33 పొరపాటున వచ్చిన చిల్లర కాదు, మూడో వంతు. మొత్తాన్ని మూడుతో గుణిస్తే మూడు ఇనుములకు నాలుగు ఆక్సిజన్లు. అది మాగ్నటైట్, అయస్కాంతానికి అతుక్కునే ఖనిజం. నేను చిల్లర పారేసి ఏకంగా వేరే పదార్థాన్నే తయారు చేశాను. 1.01నో 1.98నో సవరించవచ్చు గానీ 1.33, 1.5, 1.25 లాంటివాటిని ముట్టుకోకూడదు.

ఇంతలో నెలన్నర గడిచింది. ఒక రోజు మోలారిటీ లెక్కలు నలభై చేశాను. ముప్పైతొమ్మిది సరైనవి. సంబరంగా నిద్రపోయాను. మర్నాడు తరగతిలో పెట్టిన చిన్న పరీక్షలో అలాంటి లెక్కే వస్తే ఎటు మొదలుపెట్టాలో తోచలేదు. కారణం తరువాత అర్థమైంది. ఆ నలభై లెక్కల పైన ‘మోలారిటీ’ అని అధ్యాయం పేరు ఉంది. పదిహేనో లెక్క దగ్గరికి వచ్చేసరికి నా బుర్ర నిద్రపోయింది, చెయ్యి మాత్రమే పనిచేస్తోంది. ఏ అధ్యాయమో తెలియడం సగం జవాబు తెలియడమే. పరీక్ష పేపరు మీద అధ్యాయం పేరు ఉండదు.

దానికి నేను కనిపెట్టిన మందు చీటీలు. పాత లెక్కలన్నీ చిన్న చీటీల మీద రాసి, అధ్యాయం పేరు లేకుండా ఒక డబ్బాలో పడేశాను. రోజూ కొత్తవి నాలుగు, డబ్బాలోంచి రెండు. డబ్బాలోంచి తీసినప్పుడు మొదటి ప్రశ్న “ఇది ఏ రకం లెక్క?” అన్నదే. మార్కులు తగ్గినట్టు, చేతకానివాడినైనట్టు అనిపించే పద్ధతి ఇది. నలభై లెక్కలు వరసగా చేసిన రోజు కలిగిన గర్వం ఇందులో ఒక్కరోజూ దొరకలేదు. కానీ నిలబడింది ఇదే. రంగురంగుల పెన్నులతో రెండు రోజులు కూర్చుని తయారు చేసిన ఫార్ములాల పట్టిక మాత్రం గోడ మీద అందంగా ఉండిపోయింది.

చీటీల్లో నన్ను పడగొట్టినవాటిలో ఒకటి అంశమాపనం (టైట్రేషన్) లెక్క, అంటే గాఢత తెలిసిన ద్రావణం ఎంత పట్టిందో చూసి తెలియనిదాని గాఢత కనుక్కోవడం. 25.0 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని తటస్థం చేయడానికి 0.200 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 30.0 మిల్లీలీటర్లు పట్టింది. ఆమ్లం గాఢత ఎంత? ఈ ఘనపరిమాణం, ఆ మోలారిటీ గుణకారం ఒకవైపు, అవే రెండోవైపు. 0.240 అని వచ్చింది. ఆ సూత్రం ద్రావణాన్ని పలచన చేసే లెక్కలది. అక్కడ బీకరులో ఉండేది ఒకే పదార్థం, నీరు కలిసినా దాని మోల్స్ మారవు. ఇక్కడ రెండు పదార్థాలు ఒకదాన్ని ఒకటి తినేస్తున్నాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక్కో అణువుకు రెండు హైడ్రాక్సైడ్ అయాన్లు కావాలి. క్షారం 0.00600 మోల్స్ ఖర్చయితే ఆమ్లం 0.00300 మోల్స్, గాఢత 0.120 మోలార్. హైడ్రోక్లోరిక్ ఆమ్లం లెక్కల్లో ఇదే తప్పుడు దారి సరైన జవాబు ఇస్తూ వచ్చింది, అందుకే నాకు అంత కాలం తెలియలేదు. తప్పు దారిలో వచ్చే సరైన జవాబంత ప్రమాదం ఇంకొకటి లేదు.

నాకు కెమిస్ట్రీ మీద నిజమైన ఇష్టం పుట్టింది బలహీన ఆమ్లాల దగ్గర. ఎసిటిక్ ఆమ్లం, గాఢత 0.10 మోలార్, అయనీకరణ స్థిరాంకం 1.8 × 10⁻⁵. విడిపోయింది చాలా తక్కువ కాబట్టి మొత్తంలోంచి దాన్ని తీసివేయకపోయినా ఫరవాలేదని పుస్తకం చెబుతుంది. అలా చేస్తే హైడ్రోజన్ అయాన్ల గాఢత 1.3 × 10⁻³, పీహెచ్ 2.87. విడిపోయింది 1.3 శాతం, ఫరవాలేదు. ఈ సౌకర్యం నాకు ఎంత నచ్చిందంటే ప్రతి లెక్కలోనూ వాడేశాను. గాఢత 0.0010 మోలార్ అన్నప్పుడూ వాడాను. అక్కడ విడిపోయేది 13 శాతం దాకా వస్తుంది, ‘చాలా తక్కువ’ అనడానికి వీల్లేదు. వర్గ సమీకరణం సాధిస్తే పీహెచ్ 3.90, నా అడ్డదారిలో 3.87. తేడా చిన్నదే, కానీ నేను అడ్డదారి తొక్కిన సంగతి నాకే తెలియకపోవడం చిన్నది కాదు. ఐదు శాతం దాటితే అడ్డదారి మూసేయాలని పుస్తకంలో ఉంది. నేను ఆ వాక్యం మూడుసార్లు చదివాను కూడా!

అదే ఎసిటిక్ ఆమ్లంతో అంశమాపనం లెక్క నన్ను మూడు రోజులు తిప్పింది. 0.100 మోలార్ ఆమ్లం 25.0 మిల్లీలీటర్లు, బ్యూరెట్‌లో అంతే గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్. క్షారం 0, 12.5, 25.0, 30.0 మిల్లీలీటర్లు పోసినప్పుడు పీహెచ్ ఎంతెంత? నాలుగు చోట్లా నేను ఒకే సూత్రం వేయబోయాను, నాలుగు చోట్లా పప్పులో కాలేశాను. 25.0 దగ్గర ఆలోచించకుండానే 7 అని రాశాను. ఆమ్లం, క్షారం సమానంగా కలిశాయి, తటస్థం అయిపోయింది, ఇంకేముంది?

ఆ రోజు పక్క గది మిత్రుడు వచ్చి, “నాకూ చెప్పు, నాకు ఈ అధ్యాయం అసలు పడలేదు,” అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది నాకూ పడలేదని. “25 మిల్లీలీటర్ల దగ్గర ఏడు వస్తుంది,” అన్నాను. “ఎందుకు?” అన్నాడు. “ఆమ్లం అయిపోయింది, క్షారం అయిపోయింది.” “మరి మిగిలిందేమిటి?” అని అడిగాడు. పాపం, అతను మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం మేడమ్ గొంతు వినబడింది.

కాగితం మీద నాలుగు బీకర్లు గీశాం. మొదటి దాంట్లో ఎసిటిక్ ఆమ్లం, నీరు, అంతే. పీహెచ్ 2.87. రెండో దాంట్లో ఆమ్లం సగం అయిపోయి, ఆ సగం ఎసిటేట్‌గా మారింది. ఆమ్లం, దాని జంట క్షారం సమానంగా పక్కపక్కన ఉన్నాయి, అంటే బఫర్, పీహెచ్‌ను తేలిగ్గా మారనివ్వని మిశ్రమం. రెండూ సమానం కాబట్టి నిష్పత్తి 1, దాని సంవర్గమానం సున్నా, పీహెచ్ నేరుగా 4.74. నిజానికి ఆ బీకరులో లెక్కే లేదు, చూడడమే. మూడో దాంట్లో మిగిలింది సోడియం ఎసిటేట్, నీరు. ఎసిటేట్ ఊరుకోదు, నీటి నుంచి హైడ్రోజన్ అయాన్ లాక్కుని కొద్దిగా హైడ్రాక్సైడ్ వదులుతుంది. రెండు ద్రావణాలు కలవడంతో ఘనపరిమాణం 50.0 మిల్లీలీటర్లకు పెరిగి ఎసిటేట్ గాఢత 0.0500 మోలార్ అయింది. అక్కడి నుంచి లెక్కిస్తే పీహెచ్ 8.72. ఏడు కానే కాదు. నాలుగో దాంట్లో క్షారం 5.0 మిల్లీలీటర్లు ఎక్కువైంది. ఇక ఎసిటేట్ మాట ఎవరికీ వినబడదు, మిగులు హైడ్రాక్సైడ్‌దే రాజ్యం, పీహెచ్ 11.96.

నాలుగు బీకర్లు, నాలుగు వేర్వేరు లెక్కలు. వాటిని కలిపే ఒకే సూత్రం కోసం నేను మూడు రోజులు వెతికాను. మిత్రుడు ఆ 8.72ను చూసి, “అందుకేనా ప్రయోగశాలలో ఈ అంశమాపనానికి ఫినాఫ్తలీన్ వేయమంటారు?” అన్నాడు. అవును, అది గులాబీ రంగుకు మారడం మొదలయ్యేది 8.2 ప్రాంతంలోనే. మిథైల్ ఆరెంజ్ వేస్తే సగం దారిలోనే రంగు మారి మోసం చేస్తుంది. ప్రయోగశాలలో మేం నెల రోజుల క్రితమే ఆ ప్రయోగం చేశాం, రంగు మారగానే రీడింగ్ రాసుకుని బయటపడ్డాం. లెక్క చేశాక ఆ ప్రయోగం అర్థమైంది. వరస తిరగబడింది గానీ, నాకు అలాగే వచ్చింది.

ఉష్ణగతిక శాస్త్రంలో నా తప్పులన్నీ దాదాపు గుమాస్తా తప్పులే. కార్బన్ పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్ అయితే ఎంథాల్పీ మార్పు (చర్యలో ఇచ్చిపుచ్చుకునే వేడి, బయటికి వస్తే రుణ గుర్తు) −393.5 కిలోజౌళ్లు, కార్బన్ మోనాక్సైడ్ మండితే −283.0, మరి కార్బన్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ వరకు ఎంత? రెండో సమీకరణాన్ని తిరగేసి రాశాను, గుర్తును తిరగేయడం మరిచాను, −676.5 అని వచ్చింది. సగం మండితే పూర్తిగా మండినప్పటికంటే ఎక్కువ వేడి వచ్చిందన్నమాట! సరైనది −110.5.

అమోనియా లెక్క ఇంకా ఘోరం. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి రెండు మోల్స్ అమోనియా ఏర్పడేటప్పుడు ఎంథాల్పీ మార్పు −92.2 కిలోజౌళ్లు, ఎంట్రోపీ (క్రమరాహిత్యం) మార్పు కెల్విన్‌కు −198.7 జౌళ్లు. 298 కెల్విన్ వద్ద గిబ్స్ శక్తి మార్పు ఎంత? అది రుణమైతే చర్య తనంతట తాను జరగగలదు, ధనమైతే జరగదు. ఒకటి కిలోజౌళ్లలో, ఇంకొకటి జౌళ్లలో ఉన్న సంగతి గమనించకుండా కలిపేసి 59,120 అని రాశాను. సరైనది −33.0 కిలోజౌళ్లు. నా అంకె ప్రకారం అమోనియా విశ్వంలో ఎక్కడా పుట్టకూడదు. దీని తరువాత ఒక అలవాటు చేసుకున్నాను, ప్రతి అంకె పక్కన దాని ప్రమాణం రాయడం, జవాబులోనే కాదు, మధ్యలో ప్రతి మెట్టులోనూ. చెయ్యి నొప్పి పుట్టేది. కానీ నోటుపుస్తకంలో ప్రమాణాల తప్పులు ఒక్కసారిగా తగ్గిపోయింది అప్పటి నుంచే.

ఆ లెక్కలోనే ఇంకో చిక్కుముడి దొరికింది. అదే సమీకరణంతో గిబ్స్ శక్తి మార్పు సున్నా అయ్యే ఉష్ణోగ్రత కనుక్కుంటే దాదాపు 464 కెల్విన్, అంటే 191 డిగ్రీల సెల్సియస్. అంతకంటే వేడెక్కితే సమతాస్థితి అమోనియాకు వ్యతిరేకంగా మొగ్గుతుంది. మరి పరిశ్రమలో అమోనియాను 400 నుంచి 500 డిగ్రీల వద్ద ఎందుకు తయారు చేస్తారు? నా లెక్క మళ్లీ తప్పిందేమోనని మూడుసార్లు చేశాను. ఈసారి లెక్క తప్పలేదు. నైట్రోజన్ అణువులోని త్రిబంధం చాలా గట్టిది, చల్లగా ఉంటే ఇనుము ఉత్ప్రేరకం ఉన్నా చర్య నత్తనడకే. అందుకని వేగం కోసం వేడి పెంచి, ఆ నష్టాన్ని పూడ్చడానికి పీడనం విపరీతంగా పెంచుతారు, ఏర్పడిన అమోనియాను ఎప్పటికప్పుడు బయటికి తీసేస్తారు. ఇది నా చీటీలో అడగని ప్రశ్న. అడగని ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఒక ఆదివారం గడిపానని తెలిసి నాకే ఆశ్చర్యం వేసింది.

చివరి పరీక్షలో ఆరో ప్రశ్న చూసి నవ్వాపుకోలేకపోయాను. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం గాఢత 1.0 × 10⁻⁸ మోలార్, పీహెచ్ ఎంత? లెక్క మొదలుపెట్టకముందే మార్జిన్‌లో ‘ఏడు కంటే కాస్త ఎక్కువ’ అని రాసుకున్నాను. తరువాత లెక్క చేస్తే 7.02 వచ్చింది. గీతలు మాత్రం గీయలేదు.

తొమ్మిదో ప్రశ్న జింక్, సిల్వర్ ఎలక్ట్రోడ్ల ఘటం (బ్యాటరీ లాంటిది) ఎన్ని వోల్టులు ఇస్తుందని. సిల్వర్ ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్ 0.80 వోల్టులు, జింక్‌ది −0.76. ఎలక్ట్రాన్లు సరిపోవాలంటే సిల్వర్ సమీకరణాన్ని రెండుతో గుణించాలి. గుణించాను. దాంతోపాటు ఆ 0.80ని కూడా రెండుతో గుణించి, 2.36 వోల్టులు అని రాసి బయటికి వచ్చేశాను. మెట్లు దిగుతుండగా మిత్రుడు “1.56 కదా?” అన్నాడు. వోల్టు అంటే ఒక్కో యూనిట్ ఆవేశానికి లభించే శక్తి. ఎలక్ట్రాన్లు రెట్టింపైతే శక్తీ రెట్టింపవుతుంది, రెండింటి నిష్పత్తి మాత్రం అలాగే ఉంటుంది. ఈ సంగతి నాకు తెలుసు. ఐదు మెట్ల కింద మాత్రమే గుర్తొచ్చింది.

గదికి వచ్చి తప్పుల పుస్తకం తీశాను. పేజీలన్నీ నిండిపోయాయి. అట్ట లోపలి వైపు మూడు గళ్లు గీసి రాసుకున్నాను: 2.36, 1.56, సిల్వర్‌తో పాటు వోల్టులనూ రెట్టింపు చేశాను.